పళ్ళికొండేశ్వరుడి పేరులో కొండ ఎక్కడ? – హిమశిఖరాల దైవనామాలు, మన నదీతీరం

మింజూరు పరిసరాల్లో పుట్టి పెరిగినవాళ్ళకు కొండ అంటే పడమటి దిక్కున దూరంగా కనిపించే నీలిగీత మాత్రమే. ఊరు సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులో ఉంది. తూర్పున ఎన్నూరు ఉప్పుటేరు, ఉత్తరాన పొన్నేరి దాటితే పులికాటు సరస్సు. మంచు శిఖరాల ప్రస్తావనకు ఇంతకన్నా దూరమైన చోటు ఉండదనిపిస్తుంది. అయినా ఈ ఊరికి 'వడ కాంచి', అంటే ఉత్తర కాంచి, అని ఇంకో పేరుంది. కాంచీపురంలో లాగే ఇక్కడా ఏకాంబరేశ్వరుడికీ, వరదరాజ పెరుమాళ్ళకూ కోవెలలు ఉండటమే ఆ పేరుకు ఆధారం. కాంచికి పోలేనివాళ్ళ కోసం కాంచి పేరే ఇక్కడికి నడిచి వచ్చిందన్నమాట.

పేర్లు ఇలా నడుస్తాయి. క్షేత్రాల పేర్లు మరీ దూరం నడుస్తాయి. ఈ సంగతి గుర్తుంచుకొని హిమాలయాల పటం తెరిచి చూద్దాం. నందాదేవి, త్రిశూల్, నీలకంఠ్, కేదార్‌నాథ్, గౌరీశంకర్, శివలింగ్, స్వర్గారోహిణి, గణేశ్ హిమాల్, అన్నపూర్ణ. సరస్సుల్లో మానస సరోవరం, గోసాయికుండం, రూపకుండం, సతోపంథ్ తాల్. ఇవన్నీ ఒకే పురాణంలోంచి ఒకేసారి దిగివచ్చి ఆ కొండల మీద కూర్చున్నట్టు కనిపిస్తాయి. విద్యార్థులు సాధారణంగా రెండు నిర్ణయాలకు వస్తారు. పేరు పురాణంలో ఉంది కాబట్టి పేరు ప్రాచీనమైనదని ఒకటి. ఆ పేరు పెట్టినవాళ్ళు ఆ పురాణం చదివినవాళ్ళేనని రెండవది. ఈ రెండూ తొందరపాటు నిర్ణయాలే. దైవనామాలు కొండల మీదికి వేరువేరు కాలాల్లో, వేరువేరు మనుషుల ద్వారా, వేరువేరు దారుల్లో వచ్చాయి. ఆ దారుల్ని పట్టుకోవడానికి రెండు భాషల సరిహద్దులో పెరిగిన విద్యార్థికి ఒక సౌకర్యం ఉంది. ఆ సౌకర్యం ఏమిటో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అరుణానది మీద ఒక ఆగుడు

ముందుగా మన దగ్గరి నది నుంచే మొదలుపెడదాం. తెలుగువాళ్ళు అరుణానది అనీ, తమిళులు ఆరణి ఆరు అనీ పిలిచే నది నారాయణవనం, పిచ్చాటూరు మీదుగా వచ్చి, సురుటుపల్లి, ఊత్తుక్కోట దాటి, పొన్నేరి పక్కగా పోయి పులికాటు సరస్సులో కలుస్తుంది. సురుటుపల్లి ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. దాని పక్కనే ఉన్న ఊత్తుక్కోట తమిళనాడులో ఉంది. సురుటుపల్లి కోవెలలో శివుడు లింగరూపంలో ఉండక, మనిషి రూపంలో, పార్వతి ఒడిలో తల పెట్టుకొని పడుకొని ఉంటాడు. పాలసముద్రాన్ని చిలికినప్పుడు పుట్టిన హాలాహలం మింగి, ఆ వేడికి సొమ్మసిల్లి ఇక్కడ ఆగాడని స్థలపురాణం. ప్రదోష వేళల్లో చెన్నపట్నం నుంచి కూడా జనం ఇక్కడికి వస్తారు.

ఈ దేవుడి పేరు పళ్ళికొండేశ్వరుడు. తమిళం తెలియని తెలుగువాడు ఈ పేరు వినగానే 'పళ్ళికొండ' అనే కొండ ఒకటి ఉందనీ, ఆ కొండకు ఈశ్వరుడు ఇతడనీ అర్థం చేసుకుంటాడు. నిజానికి ఈ పేరులో కొండ లేదు. 'పళ్ళి' అంటే తమిళంలో పడక, నిద్ర. 'కొండ' అన్నది 'కొన్న, పొందిన' అనే అర్థమిచ్చే క్రియారూపం. పడక చేరిన ఈశ్వరుడు, పవళించిన ఈశ్వరుడు అని అర్థం. రంగనాథుణ్ణి 'పళ్ళికొండ పెరుమాళ్' అనడం తమిళంలో మామూలే. ఒక్క తెలుగే వచ్చినవాడు లేని కొండను చూస్తాడు. రెండు భాషలూ వచ్చిన మింజూరు పిల్లవాడికి ఈ పొరపాటు జరగదు. స్థలనామాల అధ్యయనంలో ఇది మొదటి పాఠం: పేరు ఏ భాషలో పుట్టిందో తేల్చుకోకుండా దాని అర్థం చెప్పకూడదు.

రెండవ పాఠం ఇదే కథను పట్టుకొని ఉత్తరానికి వెళ్తే దొరుకుతుంది. బదరీనాథ్ కోవెల వెనక నిలబడిన మంచు శిఖరం పేరు నీలకంఠ్. ఎత్తు 6,596 మీటర్లు. అక్కడి నుంచి తూర్పుకు, నేపాల్‌లోని రసువా జిల్లాలో, 4,380 మీటర్ల ఎత్తున గోసాయికుండం ఉంది. ఒకప్పటి హిమానీనదం తొలిచిన పల్లంలో నిలిచిన నీరు అది. చలికాలమంతా గడ్డకట్టి ఉంటుంది. విషం మింగిన శివుడు దాహం తీరక తన త్రిశూలంతో కొండను పొడవగా ఈ నీరు పుట్టిందనీ, ఆయన ఆ చల్లని నీళ్ళలో పడుకున్నాడనీ అక్కడి కథ. నీళ్ళలో మునిగి కనిపించే ఒక బండను చూపి, అదే పడుకున్న శివుడి ఆకారమంటారు. అక్కడి నీరు చేరే నది పేరు త్రిశూలి. శ్రావణ పూర్ణిమ నాడు, అంటే మనం జంధ్యాల పున్నమి జరుపుకొనే రోజునే, వేలాది నేపాలీలు ఆ సరస్సులో మునగడానికి కొండ ఎక్కుతారు. ఈ సరస్సు, దాని చుట్టూ ఉన్న ఇతర సరస్సులు 2007లో అంతర్జాతీయ ప్రాధాన్యం గల రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలో చేరాయి.

ఒకే కథకు మూడు నివాసాలున్నాయి. ఒకచోట అది శిఖరమైంది, ఒకచోట మంచుసరస్సైంది, మన దగ్గర ఏటిగట్టు కోవెలైంది. మూడు చోట్లా కథ ఒక్కటే అయినా ఆనవాలు మాత్రం ఆ నేల ఇచ్చిందే. మంచుకొండ ఉన్నచోట కొండలో కంఠాన్ని చూశారు. నీళ్ళున్నచోట బండలో శరీరాన్ని చూశారు. ఎండకు ఎండే మైదానంలో ఏటి పక్కన దేవుణ్ణి పడుకోబెట్టారు. కాబట్టి పేరును చూసి 'ఇది పురాణంలోనిది' అని ఊరుకుంటే సగమే చెప్పినట్టు. ఆ పురాణ కథను ఆ ఊరివాళ్ళు తమ నేలలో దేనికి తగిలించారో చూస్తే అక్కడి మనుషుల చూపు తెలుస్తుంది.

గోసాయి అన్న మాట కూడా మనకు కొత్తది కాదు. ఉత్తరాది సన్యాసులైన గోసాయిలు, బైరాగులు ఊరూరా తిరుగుతూ దక్షిణానికి వచ్చేవారు. 'గోసాయి చిట్కా' అనే మాట తెలుగులో నేటికీ ఉంది. కొండల పేర్లను, వాటి కథలను మోసినవాళ్ళలో ఇలాంటి సంచారులది పెద్ద పాత్ర.

కైలాసం దిగివచ్చిన తీరు

కైలాసం సంగతి ఇంకా స్పష్టంగా ఉంటుంది. టిబెట్‌లోని కైలాస శిఖరం ఎత్తు 6,638 మీటర్లు. హిమాలయాల్లో దానికన్నా ఎత్తైన శిఖరాలు ఎన్నో ఉన్నాయి. అయినా దానంత పవిత్రమైనది లేదు. హిందువులకు అది శివుడి ఇల్లు. జైనులు దాన్ని అష్టాపదమని, వృషభనాథుడు నిర్వాణం పొందిన చోటని తలుస్తారు. టిబెట్ బౌద్ధులు 'కాంగ్ రింపోచే' అంటారు. మంచు రత్నమని దాని భావం. బౌద్ధానికి ముందు నుంచీ ఉన్న బోన్ మతస్థులకూ అది పవిత్రమే. సుమారు 52 కిలోమీటర్ల ప్రదక్షిణలో హిందువులు, బౌద్ధులు కొండను కుడిచేతి వైపు ఉంచుకొని నడుస్తుంటే, బోన్ మతస్థులు ఎదురుదిశలో నడుస్తారు. కొండ ఒకటే, దారి ఒకటే, నడకలు రెండు. దాని దిగువన సుమారు 4,590 మీటర్ల ఎత్తున మానస సరోవరం ఉంది. దాన్ని టిబెటన్లు 'మాఫమ్' అని, అంటే అజేయమైనదని, పిలుస్తారు. దాని వైశాల్యం 400 చదరపు కిలోమీటర్లకు కొంచెం ఎక్కువ. మింజూరు విద్యార్థి దాన్ని ఊహించుకోవాలంటే పులికాటు సరస్సును తలచుకుంటే చాలు. విస్తీర్ణంలో రెండూ దాదాపు ఒకే తరగతి. ఒకటి సముద్రమట్టంలో ఉప్పునీరు, ఇంకొకటి నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తున మంచినీరు.

ఆ కైలాసానికి పోగలిగినవాళ్ళు చాలా కొద్దిమంది. పోలేనివాళ్ళు కైలాసాన్ని తమ దగ్గరికి తెచ్చుకున్నారు. శ్రీకాళహస్తికి దక్షిణ కైలాసమని పేరు. 16వ శతాబ్దంలో ధూర్జటి రాసిన శ్రీకాళహస్తి మాహాత్మ్యం ఆ క్షేత్రాన్ని తెలుగు సాహిత్యంలో స్థిరపరిచింది. అక్కడి కొండకు కైలాసగిరి అని పేరు. సంక్రాంతి మరునాడు కనుమ రోజున స్వామి ఉత్సవమూర్తి వెంట జనం ఆ కొండ చుట్టూ గిరిప్రదక్షిణ చేస్తారు. అంటే పేరుతోపాటు ఆచారం కూడా దిగివచ్చింది. పుత్తూరు, నాగలాపురాల మధ్య కొండల్లో కైలాసకోన జలపాతం ఉంది. ఇక్కడ 'కైలాస' సంస్కృతం, 'కోన' తెలుగు. కొండల నడుమ నీళ్ళున్న లోయను కోన అంటాం. ఈ సమాసమే ఒక చరిత్రపత్రం. మొదటి భాగం యాత్రికుడి ఆశను చెబుతుంది, రెండవ భాగం ఆ నేల మీద బతికిన తెలుగువాడి మాటను చెబుతుంది. తిరుమల మీద ఆకాశగంగ ఉంది. గంగను చూడని కొండ మీదికి గంగ పేరు అలాగే చేరింది.

పొన్నేరిలోని అగస్తీశ్వరుడి కోవెలను కూడా ఈ వరసలోనే చెప్పుకోవాలి. శివపార్వతుల పెళ్ళికి లోకమంతా హిమవంతానికి చేరడంతో ఉత్తరదిక్కు కుంగిందనీ, భూమిని సమం చేయడానికి అగస్త్యుణ్ణి దక్షిణానికి పంపారనీ కథ. ఈ కథలో చరిత్ర వెతికి తేదీలు కట్టడం వృథా. కాని ఉత్తరాన ఉన్న కొండకూ దక్షిణాన ఉన్న మైదానానికీ ఒక తక్కెడ ఉందన్న భావన మన పూర్వులకు ఉండేదని మాత్రం అది చెబుతుంది. కైలాసానికి పోలేదన్న వెలితిని ఆ భావనే తీర్చింది.

చెన్నపట్నం తెలుగువాళ్ళు నిజంగా ఉత్తరాదికి ప్రయాణించిన ఉదంతాల్లో ఏనుగుల వీరాస్వామయ్యది ప్రసిద్ధం. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న తండయారుపేటలోని తన తోట నుంచి పరివారంతో బయలుదేరి, తిరుపతి మీదుగా ఉత్తరానికి సాగి, కాశీ, గయ చూసుకొని 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. ఆయన రాసిన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది. బండ్లు, పల్లకీల కాలంలో ఆయన యాత్రకు పదిహేను నెలలు పట్టింది. అంత సిబ్బంది, సదుపాయం ఉన్నవారికే కాశీ ఒక జీవితకాలపు ప్రయాణమైతే, బదరీ కేదారాలు సామాన్యుడికి వినికిడి పేర్లే. వినికిడిలో ఉన్న పేర్లే ఇంటి దగ్గరి కొండలకు, కోనలకు, గుండాలకు అంటుకున్నాయి.

కుండం, గుండం, తాల్, త్సో

గుండం అన్న మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న భాషావిషయం చెప్పుకోవాలి. స్థలనామంలో రెండు భాగాలుంటాయి. ఒకటి విశేషాన్ని చెప్పేది, మరొకటి జాతిని చెప్పేది. 'గోసాయి' విశేషం, 'కుండం' జాతి. హిమాలయ సరస్సుల పేర్ల చివర కుండ్, తాల్, సర్, త్సో అనే మాటలు వస్తాయి. 'త్సో' ఉంటే అది టిబెటన్ మాట్లాడేవాళ్ళు పెట్టినది. 'తాల్' గఢ్వాల్, కుమావూఁ ప్రాంతాల మాట. 'కుండ్' సంస్కృత కుండం. అదే మన తెలుగులో గుండమై కోవెలల దగ్గరి నీటిమడుగులకు నిలిచింది. దేవుడి పేరు ఎవరైనా, ఎప్పుడైనా మార్చగలరు. చెరువును, కోనను, గుండాన్ని చెప్పే మాట మాత్రం అంత తేలికగా మారదు. అందుకే పేరు వయసు తెలుసుకోవాలంటే దైవం వైపు కాక, దాని పక్కన ఉన్న సామాన్యమైన మాట వైపు ముందు చూడాలి.

మన దగ్గరి కొసస్థలై నదినే తీసుకోండి. తెలుగు రాతల్లో అది కుశస్థలి. పురాణాల్లో ద్వారకకు కుశస్థలి అనే పేరుంది కాబట్టి ఆ రూపం గంభీరంగా వినిపిస్తుంది. ఇంగ్లీషు పాలన నాటి కాగితాల్లో అదే నది కొర్తలయ్యారు. పులికాటు కూడా అంతే. తమిళుల పళవేర్కాడు, తెలుగువాళ్ళ ప్రళయకావేరి పక్కపక్కన పెట్టి పలికితే ఒక మాట ఇంకొక మాటకు అద్దం పట్టినట్టుంటుంది. ఒక నోట పాత చెట్ల అడవి స్ఫురించే చోట ఇంకో నోట ప్రళయం, కావేరి స్ఫురిస్తాయి. జనం తమకు తెలియని శబ్దాన్ని తమకు తెలిసిన అర్థంలోకి తిప్పుకొంటారు. అలా తిప్పుకొనేటప్పుడు పురాణం అందరికీ అందుబాటులో ఉన్న నిఘంటువు.

పేరు చెప్పే కథ, ఎముకలు చెప్పే కథ

పేరును నమ్మి చరిత్ర రాస్తే ఏమవుతుందో రూపకుండం చెబుతుంది. ఉత్తరాఖండ్‌లో 5,000 మీటర్లకు పైన ఉన్న చిన్న హిమానీ సరస్సు అది. పార్వతి ఆ నీళ్ళలో తన రూపాన్ని చూసుకున్నందున ఆ పేరు వచ్చిందంటారు. నందాదేవిని పుట్టింటి నుంచి కైలాసంలోని అత్తవారింటికి సాగనంపే రాజజాత్ యాత్ర పన్నెండేళ్ళకోసారి ఈ దారినే సాగుతుంది. గఢ్వాలీలకు నంద వాళ్ళింటి ఆడబిడ్డ. 7,816 మీటర్ల శిఖరం మీద ఉన్న దేవతను కూతురిగా చూసి, కన్నీళ్ళతో సాగనంపే ఆ భావం తెలుగువాళ్ళకు ఎవరూ వివరించనక్కర్లేదు.

1942లో ఒక అటవీ అధికారి ఆ సరస్సులో, గట్ల మీద వందలకొద్దీ మనుషుల ఎముకలు చూశాడు. నందాదేవి కోపానికి గురైన రాజు పరివారం వడగళ్ళ వానలో చనిపోయిందన్న స్థానిక గాథ ఒకటి అప్పటికే ఉంది. దాంతో ఒకే రోజు, ఒకే గుంపు, ఒకే ప్రమాదం అని చాలాకాలం అనుకున్నారు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు పాలుపంచుకొన్న అంతర్జాతీయ బృందం 38 మంది అవశేషాల డి.ఎన్.ఏ.ను పరీక్షించి 2019లో ఫలితాలు ప్రకటించింది. వారిలో 23 మంది దక్షిణాసియా వంశీకులు. వారు సుమారు క్రీ.శ. 800 ప్రాంతంలో, అదీ ఒకేసారి కాక వేరువేరు సందర్భాల్లో చనిపోయారు. 14 మంది తూర్పు మధ్యధరా ప్రాంతపు వంశీకులు. వారి మరణం సుమారు 1800 ప్రాంతంలో. ఒకరు ఆగ్నేయాసియా వంశీకులు. వెయ్యేళ్ళ ఎడంలో జరిగిన మరణాలను ఒక పేరు, ఒక పాట కలిపి ఒకే కథగా కట్టాయి.

దీన్నిబట్టి గాథ అబద్ధమనుకోవడం సరికాదు. వడగళ్ళ వాన, యాత్ర, మరణం – ఈ మూడూ అక్కడి మనుషుల అనుభవంలోనివే. గాథ ఆ అనుభవాన్ని నిలబెట్టింది. తేదీని, లెక్కను నిలబెట్టలేదు. తేదీ కావాలంటే వేరే సాక్ష్యం తేవాలి.

పరంగిమలై నుంచి పదిహేనో శిఖరం దాకా

హిమాలయాల పేర్ల చరిత్రలో మన చెన్నపట్నానికి నేరుగా సంబంధం ఉన్న ఒక అధ్యాయం ఉంది. 1802 ఏప్రిల్ 10న విలియం లాంబ్టన్ అనే ఇంగ్లీషు సైనికాధికారి మింజూరుకు దక్షిణాన, చెన్నపట్నం అవతలి పరంగిమలై దగ్గర నేల మీద సుమారు ఏడున్నర మైళ్ళ ఆధారరేఖను గొలుసుతో కొలవడం మొదలుపెట్టాడు. భారతదేశ మహా త్రికోణమితి సర్వేకు అదే పునాది. ఆ కొండ పేరు కూడా దైవసంబంధమైనదే: క్రైస్తవ సంప్రదాయం దాన్ని సెయింట్ థామస్ మౌంట్ అంటుంది, తమిళులు అక్కడ నివసించిన ఐరోపావాళ్ళను బట్టి పరంగిమలై అన్నారు. ఒకే కొండకు ఒక పేరు మతాన్ని బట్టి, ఇంకొకటి మనుషులను బట్టి.

ఆ గొలుసు కొలత త్రికోణాలు త్రికోణాలుగా పెరుగుతూ ఉత్తరానికి పోయింది. 1823లో లాంబ్టన్ చనిపోయాక జార్జి ఎవరెస్టు ఆ పనిని నడిపాడు. 1841 నాటికి దక్షిణాగ్రం నుంచి హిమాలయ పాదాల దాకా కొలత పూర్తయింది. తర్వాత మంచు శిఖరాలను దూరం నుంచే కొలిచి, పేర్లు తెలియనివాటికి రోమన్ అంకెలిచ్చారు. 1852లో పదిహేనో శిఖరం అన్నిటికన్నా ఎత్తైనదని తేలింది. ఆ లెక్కల్లో బెంగాలీ గణితజ్ఞుడు రాధానాథ్ సిక్దర్ పాత్ర ప్రసిద్ధం. 1856లో సర్వే అధిపతి ఆండ్రూ వా దాని ఎత్తు 29,002 అడుగులని ప్రకటించి, స్థానికమైన పేరు ఏదీ దొరకలేదని చెప్పి, తన పూర్వాధికారి ఎవరెస్టు పేరును ప్రతిపాదించాడు. నేపాల్‌లో చాలాకాలం ఉన్న బ్రయాన్ హాడ్జ్‌సన్ దాన్ని ఒప్పుకోక, అది 'దేవధుంగా' అన్నాడు. దేవుడి రాయి అని అర్థం. జర్మన్ యాత్రికుడు హెర్మన్ ష్లాగిన్‌ట్వైట్ అది 'గౌరీశంకర్' అన్నాడు. 1865లో లండన్‌లోని రాయల్ జాగ్రఫికల్ సొసైటీ ఎవరెస్టు పేరునే ఖాయం చేసింది. గౌరీశంకర్ అన్న పేరు ఐరోపా పటాల్లో చాలాకాలం తప్పు కొండ మీద ఉండిపోయింది. 1903లో హెన్రీ వుడ్ నేపాల్ వెళ్ళి చూసి, అవి వేరువేరు శిఖరాలని నిర్ధారించాడు.

అసలు గౌరీశంకర్ 7,134 మీటర్ల జంట శిఖరం. షెర్పాలకు, టిబెటన్లకు అది జోమో త్సేరింగ్మా అనే బౌద్ధ దేవత. ఎవరెస్టు టిబెటన్ పేరు చోమోలుంగ్మా. ఆమె త్సేరింగ్మాకు చెల్లెలని అక్కడి నమ్మకం. దొరల పటం తారుమారు చేసిన రెండు శిఖరాలు ఆ నేల మీద అక్కచెల్లెళ్ళు. స్థానిక నామం లేదన్న మాట ఎంత తొందరపాటో దీన్నిబట్టి తెలుస్తుంది: 1733 నాటి దాన్విల్ ఫ్రెంచి పటంలోనే చోమోలుంగ్మాకు దగ్గరి రూపం అచ్చయి ఉంది. సగరమాథా అన్న నేపాలీ పేరు 20వ శతాబ్దంలో చరిత్రకారుడు బాబురామ్ ఆచార్య రచనతో ప్రచారంలోకి వచ్చింది. సంస్కృతంలా వినిపించే ఈ పేరే మూడింటిలో వయసులో చిన్నది! పేరు ధ్వనిని బట్టి వయసు కట్టరాదనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు.

గంగోత్రి ఎగువన ఉన్న శివలింగ్ శిఖరం (6,543 మీటర్లు) కూడా ఇలాంటిదే. మొదట చూసిన ఐరోపావాళ్ళు దాని ఆకారం చూసి తమ ఆల్ప్స్‌లోని మాటర్‌హార్న్ పేరుతో పిలిచారు. యాత్రికులకు అదే ఆకారం లింగమైంది. ఎవరి మనసులో ఏ కొండ ఉంటే వారికి ఆ కొండే కనిపించింది.

చెరువు పోయినా మిగిలిన పేరు

పేర్లు పుట్టడం ఆగిపోలేదు. కేదార్‌నాథ్ పైన చోరాబారి హిమానీనదం అంచున ఒక సరస్సు ఉండేది. 1948లో మహాత్ముడి చితాభస్మంలో కొంత అక్కడ కలిపిన తర్వాత దానికి గాంధీ సరోవర్ అనే పేరు వచ్చింది. ఒక పవిత్రనామం పుట్టిన సంవత్సరం మనకు కచ్చితంగా తెలిసిన అరుదైన సందర్భమిది. ఇలాంటి సరస్సులను కట్టి ఉంచేది బండరాయి కాదు. హిమానీనదం మోసుకొచ్చి వదిలిన రాళ్ళు, మట్టి, మంచుముక్కల కట్ట. నీరు పెరిగితే అది తెగుతుంది. 2013 జూన్‌లో ఎడతెగని వానలకు, కరిగిన మంచుకు ఆ కట్ట జూన్ 17 ఉదయం తెగి, నీరు, బండలు కేదార్‌నాథ్ మీద పడ్డాయి. ఆ నెలలో ఉత్తరాఖండ్‌లో ఐదువేలకు పైగా ప్రాణాలు పోయాయి. తెలుగు యాత్రికులు ఎందరో కొండల్లో చిక్కుకున్నారు. వారి కోసం ఇక్కడి కుటుంబాలు రోజుల తరబడి ఎదురుచూశాయి. ఆ రోజు సరస్సు ఖాళీ అయిపోయింది. పేరు మాత్రం పటంలో ఉంది.

మన దగ్గరా ఇలాంటిది లేకపోలేదు. చెన్నైలో నుంగంబాకం చెరువు ఇళ్ళ కింద పోయినా, ఆ పేట 'లేక్ ఏరియా'గానే ఉంది. అక్కడ నీళ్ళు ఎందుకు నిలుస్తాయో వానాకాలంలో ఆ పేరే చెబుతుంది. పవిత్రమైనదైనా, మామూలుదైనా, పేరు ఒక్కోసారి నేల మరిచిపోయిన సంగతిని దాచిపెడుతుంది. దాన్ని చదవగలిగిన భాష మనకు ఉండాలి, అంతే.

విద్యార్థులు చేయవలసిన పని

1959లో చేసిన సరిహద్దు మార్పుల చట్టం ప్రకారం 1960 ఏప్రిల్ 1 నుంచి తిరుత్తణి ప్రాంతం చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. పొన్నేరి, తిరువళ్ళూరు తాలూకాల్లోని సత్యవేడు వైపు గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. గీత గీసింది నేల మీద. నది మీద, కథ మీద ఆ గీత పడలేదు. అరుణానది నేటికీ సురుటుపల్లిలో తెలుగు వింటూ, ఊత్తుక్కోటలో తమిళం వింటూ పొన్నేరికి వస్తుంది. కాని బడిలో పరిస్థితి వేరు. తమిళనాడులో 2006 చట్టం ప్రకారం తమిళం తప్పనిసరి పాఠ్యాంశమైంది. తెలుగు ఇంట్లో మాట్లాడుతూ, తెలుగు చదవడం, రాయడం రాని తరం పెరుగుతోంది. తమిళం నేర్వడం నష్టం కాదు. పళ్ళికొండేశ్వరుడి పేరు తమిళం వస్తేనే విప్పగలం. నష్టం ఎక్కడంటే, కైలాసకోనలోని 'కోన'ను, గుండాన్ని, కుంటను, దొరువును వేరు చేసి చెప్పే మాటలు ఆ పిల్లల నోటి నుంచి జారిపోవడంలో. అవి పోతే కైలాసం మిగులుతుంది, కోన పోతుంది. పురాణానికి సంరక్షకులు చాలామంది ఉన్నారు. ఆ పక్కనున్న చిన్నమాటకు ఎవరూ లేరు.

అందుచేత ఈ ప్రాంతపు విద్యార్థులు ఒక నోటుపుస్తకం తీసుకొని, తమ ఊరి చెరువులు, కాలువలు, గుట్టలు, గుండాల పేర్లు రాసుకోవాలి. ప్రతి పేరు పక్కన ఐదు సంగతులు రాయాలి: పేరు చివరి మాట ఏ భాషది, తమిళులు ఏమంటారు, తెలుగువాళ్ళు ఏమంటారు, ప్రభుత్వ పటంలో ఎలా ఉంది, పెద్దవాళ్ళు చెప్పే కథలో ఆ నేలలోని ఏ ఆనవాలును చూపిస్తారు. ఇంట్లో అవ్వను, తాతను అడిగితే ఒక్క సాయంత్రంలో పది పేర్లు దొరుకుతాయి. హాడ్జ్‌సన్, వా, ష్లాగిన్‌ట్వైట్ వంటి పండితులు వాదించుకొని తేల్చలేకపోయింది ఇదే పని. వాళ్ళకు ఆ కొండ కింద పుట్టి, రెండు భాషలూ ఎరిగి, పక్కన కూర్చొని చెప్పే మనిషి దొరకలేదు. అరుణానది తీరంలో అలాంటి మనుషులు ఇంకా ఉన్నారు.